సాయంత్రం గంటన్నర ఖాళీ: సున్నా నుంచి మొదలుపెట్టగలిగే వ్యాపకం ఏదైనా చెప్పండి

ఖాళీ సాయంత్రం | జూన్ 17, రాత్రి 9.20

అందరికీ నమస్కారం. మాది కర్నూలు. నాకు నలభై ఏడేళ్లు. ఒక దుకాణానికి లెక్కలు రాస్తాను, సాయంత్రం ఆరుకల్లా ఇంట్లో ఉంటాను. పోయిన వారమే అమ్మాయిని హాస్టల్లో దింపి వచ్చాం. ఇన్నేళ్లూ ఆరు నుంచి ఏడున్నర దాకా దాని హోంవర్కు, దాని టిఫిను, దానితో తగాదా. ఇప్పుడు ఆ గంటన్నరను ఏం చేసుకోవాలో తెలియడం లేదు. మావారు తొమ్మిదికి గానీ రారు. నిన్న ఆ సమయమంతా ఫోనులో ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి గిన్నెలు తోముకుంటుంటే చూస్తూ కూర్చున్నాను. నా గిన్నెలు సింకులోనే ఉన్నాయి.

ఏదైనా నేర్చుకోవాలని ఉంది. వెయ్యి రూపాయలు దాటకూడదు. ఊరు దాటి వెళ్లే పని ఉండకూడదు. చిన్నప్పుడు సంగీతం నేర్చుకుని వదిలేశాను, బొమ్మలు వేసేదాన్ని అని చెప్పుకోవడానికి నాకు పూర్వచరిత్ర ఏమీ లేదు. ఇంకో మాట, చేసినదాన్ని అమ్ముకోమనీ, ఛానల్ పెట్టమనీ దయచేసి చెప్పకండి. రోజంతా చూసేది డబ్బు లెక్కలే.

పెరటి గోంగూర | జూన్ 17, రాత్రి 9.41

మంచి నెలలో అడిగారు. రెండు పాత బకెట్లు తీసుకుని అడుగున నాలుగేసి చిల్లులు పెట్టండి. సగం ఎర్రమట్టి, మిగతా సగంలో కొబ్బరి పొట్టు, బాగా మాగిన పశువుల ఎరువు. మెంతులు మీ పోపుల పెట్టెలోవే చాలు. రాత్రి నానబెట్టి పొద్దున చల్లితే రెండు మూడు రోజుల్లో మొలక, మూడు నాలుగు వారాల్లో పప్పులోకి కూర. తోటకూరకు ఇంకొక్క వారం. వంగ, టమాటా జోలికి ఇప్పుడే వెళ్లకండి. మొదటిసారే పది వంగమొక్కలు నాటి, తెల్లదోమకు దండం పెట్టి, కుండీలతో సహా చెత్తబండికి అప్పగించిన మనిషిని నేనెరుగుదును. మా ఇంట్లో అద్దంలో కనిపిస్తూ ఉంటుంది.

రాత్రి షిఫ్టు | జూన్ 17, రాత్రి 11.55

గంటన్నర ఖాళీ దొరికితే నిద్రపోవాలండి. దానికి మట్టి అక్కరలేదు, వెయ్యి రూపాయలూ అక్కరలేదు. వ్యాపకాలు ఖాళీ ఉన్నవాళ్ల సమస్య.

సూదిదారం | జూన్ 18, ఉదయం 6.30

రాత్రి షిఫ్టు గారూ, మీ చొక్కాకు గుండీలన్నీ ఉన్నాయా? నిజం చెప్పండి.

ఖాళీ సాయంత్రం గారికి నా సలహా సూది. మిషను కాదు, చేతి సూది. సూదుల పొట్లం, నాలుగు రంగుల దారాలు, చిన్న కత్తెర, మార్కింగు సుద్ద కలిపినా మీరు చెప్పిన లెక్కలో పావు వంతు కాదు. నేర్చుకునే వరుస నా అనుభవంలో ఇది: ముందు గుండీ, తర్వాత చీర ఫాల్, ఆ తర్వాత చినిగినచోట రఫ్ఫు. కాడ కుట్టు, గొలుసు కుట్టు లాంటి అలంకారాలు చివరికి. చాలామంది పూలతో మొదలుపెట్టి మొదటి రేకు దగ్గరే ఆగిపోతారు.

గుండీ కుట్టడం అందరికీ వచ్చనుకుంటారు. రాదు. బట్టకు అదిమిపెట్టి బిగించేస్తారు, కాజాలో పట్టక రెండో ఉతుకుకే దారం తెగుతుంది. గుండీ పైన అడ్డంగా ఒక అగ్గిపుల్ల పెట్టి, దాని మీదుగా దారం పోనిచ్చి కుట్టండి. ఆరేడు చుట్లయ్యాక పుల్ల లాగేస్తే దారం కాస్త వదులవుతుంది. గుండీని పైకి లాగి, కింద ఆ వదులు దారం చుట్టూ మూడు చుట్లు చుట్టి ముడి వేయండి. అదే గుండీకి మెడ. ఆ మెడ ఉంటే చొక్కా చిరిగినా గుండీ ఊడదు.

చేయి కుదిరాక బొంత మొదలుపెట్టండి. నాలుగు పాత నేత చీరలు పరిచి, అంచుల నుంచి మధ్యకు వరసలుగా టాకాలు వేస్తూ పోవడమే. మా అమ్మ చీరలతో నేను కుట్టిన బొంతకు పద్నాలుగు నెలలు పట్టింది. అది ఎందుకు చేశానని ఎవరూ అడగలేదు. చలికాలంలో దాని కోసం మాత్రం ఇంట్లో తగాదాలు.

బెండు కట్టిన ఈత | జూన్ 18, మధ్యాహ్నం 1.15

ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఒక్కటే నేర్చుకునే వీలుంటే అది ఈత. తక్కినవి సరదా, ఇది ప్రాణం. నేను విజయవాడలో పుట్టి, మూడు కాలువల మధ్య పెరిగి, యాభై రెండో ఏట నేర్చుకున్నాను. మా నాన్నకు నడుముకు బెండు కట్టి మోటబావిలోకి తోసి నేర్పారట. మా తరానికి బావీ లేదు, తోసేవాళ్లూ లేరు.

పెద్దవాళ్లకు అడ్డొచ్చేది చేతులూ కాళ్లూ కాదు, ఊపిరి. మొదటి వారమంతా నేను నడుము లోతు నీళ్లలో మెట్టు పట్టుకుని నిలబడి, ముఖం ముంచి ముక్కుతో బుడగలు వదిలాను, అంతే. పక్కన ఆరేళ్ల పిల్లలు చేపల్లా పోతుంటే నేను ఎద్దులా బుస కొట్టాను. రెండో వారం తేలడం. తల ఎత్తితే కాళ్లు మునుగుతాయి, తల వాలిస్తే కాళ్లు తేలతాయి. ఈ ఒక్క సంగతి ఒంటికి తెలిసిన రోజున భయం సగం పోతుంది. నెల చివరకు ఒక వైపు నుంచి రెండో వైపుకు చేరాను. నేర్పేవాళ్లు లేకుండా కాలువలోనో చెరువులోనో ప్రయత్నించకండి. పైన నిదానంగా కనిపించే కాలువ లోపల లాగేస్తుంది.

ఖాళీ సాయంత్రం | జూన్ 18, రాత్రి 8.05

ఈత గారూ, ఇక్కడి కొలనులో ఆడవాళ్లకు పొద్దున ఆరు నుంచి ఏడు వరకేనట. ఆ గంట నాకు వంటింటిది. కాదనడం లేదు, వచ్చే వేసవిలో అమ్మాయితో కలిసి చేరతాను. మెంతులు మాత్రం ఇప్పుడే నానబెట్టాను.

వేదిక నిర్వాహకులు | జూన్ 18, రాత్రి 8.50

ఒక వ్యాఖ్య తొలగించాం. మొదటి టపాలో చివరి రెండు వాక్యాలు చదివి రాయగలరు.

జెముడుకాకి | జూన్ 19, ఉదయం 5.50

తొలగించింది నాది కాదని మనవి!

నేను చెప్పేది పిట్టల సంగతి. కొనవలసింది ఏమీ లేదు. బైనాక్యులర్లు ఆరు నెలల తర్వాత ఆలోచించవచ్చు. కిటికీ దగ్గర ఒక కుర్చీ, ఒక పాత నోటుపుస్తకం, పదిహేను నిమిషాలు చాలు. కాకి, పావురం, పిచ్చుక తప్ప మరేమీ ఉండవని మొదటిరోజు మీకే అనిపిస్తుంది. నేను హైదరాబాదులో నాలుగో అంతస్తులో ఉంటాను, చుట్టూ సిమెంటే. మా బాల్కనీ నుంచి ఇప్పటికి ముప్పై ఒక్క రకాలు రాసుకున్నాను. గోరింక, పికిలిపిట్ట, తేనెపిట్ట, రామచిలుక, లకుముకి, పాలపిట్ట, నా పేరింటి జెముడుకాకి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చాతకం.

జూన్ నుంచి చూడదగ్గది గిజిగాడు. వానలు మొదలవగానే మగపిట్టకు తలా గుండే పసుపెక్కుతాయి. ఈతచెట్టు కొమ్మకో, బావి మీదికి వంగిన తుమ్మకో గూడు మొదలుపెడుతుంది. సగం కట్టి ఆపుతుంది, అప్పటికి గూడు బోర్లించిన టోపీలా ఉంటుంది. దానికి వేలాడుతూ రెక్కలు కొట్టి ఆడపిట్టలను పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి, లోపలికి దూరి, అటూ ఇటూ లాగి చూసి, నచ్చితేనే ఉంటుంది. నచ్చితే మగపిట్ట మిగతా గూడూ, కిందికి వేలాడే గొట్టం దారీ పూర్తిచేస్తుంది. నచ్చకపోతే ఆ టోపీ అలాగే గాలికి ఊగుతూ ఉండిపోతుంది. పెళ్లిచూపుల్లో ఇల్లు చూసేది పిల్లే అన్నమాట. తీరా గుడ్లు పెట్టాక మగపిట్ట పక్క కొమ్మన ఇంకో గూడు మొదలుపెడుతుంది. ఆ విషయం పెళ్లిచూపులప్పుడు చెప్పదు.

అన్నట్టు, మనం ‘కోయిలమ్మ’ అంటాం గానీ, ‘కుహూ’ అని పాడేది నల్లగా ఉండే మగకోయిల. ఆడది గోధుమరంగు ఒంటిపై తెల్లచుక్కలతో ఉంటుంది. చాలామంది దాన్ని చూసినా కోయిల అనుకోరు.

కూత వినిపించి పిట్ట కనిపించకపోతే ఫోనులో మెర్లిన్ అనే ఉచిత సాధనం ఉంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వారిది. కూత విని పేరు చెబుతుంది.

గోదావరి గట్టు | జూన్ 19, ఉదయం 10.30

జెముడుకాకి గారూ, అంతా బాగా చెప్పి చివర్లో యంత్రం చేతికిచ్చారు. అడగ్గానే దొరికిన పేరు చెవిలో నిలవదు. నాలుగు రోజులు ఏ పిట్టో తెలియక తిరిగితే, అయిదో రోజున తెలిసిన పేరు జన్మలో మరిచిపోరు. ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పినవాణ్ని, ఈ ఒక్క విషయంలో నాకు పట్టుదల ఎక్కువ.

ఇక అసలు సంగతి. ‘హాబీ’కి మన మాట ఏమిటని ఎవరూ అడగలేదు, అయినా చెబుతాను. అభిరుచి అంటే ఇష్టం మాత్రమే, చేయకపోయినా ఉండవచ్చు. కాలక్షేపం అంటే కాలం గడిస్తే చాలు. శీర్షికలో మీరు రాసిన ‘వ్యాపకం’ సరైన మాట. మనసంతా వ్యాపించేది. ఇంకో అడుగు వేస్తే వ్యసనం, అక్కడిదాకా వెళ్లనక్కరలేదు.

మన పెద్దలు అరవై నాలుగు కళలన్నారు కదా, వాత్స్యాయనుడి జాబితా ఎప్పుడైనా తీరిగ్గా చదవండి. సంగీతం, నాట్యం పక్కనే సూదిపని ఉంది, సూదిదారం గారు సంతోషించాలి. పొడుపుకథలు వేయడం, చిలుకకూ గోరింకకూ మాటలు నేర్పడం, నీళ్లు చరిచి వాయించడం కూడా కళలే. కోడిపందేలు సైతం ఉన్నాయి. భీమవరం వారికి ఈ సంగతి చెప్పకండి.

ఆ జాబితాలో కావ్యం అల్లడమూ ఉంది. నా సలహా అదే. పద్యం రాయండి. నవ్వకండి. లెక్కలు రాసేవారికి ఆటవెలది కన్నా దగ్గరి చుట్టం లేదు. అక్షరాలు రెండు రకాలు: లఘువు, గురువు. దీర్ఘమైనా, సున్నా ఉన్నా, తర్వాత జంటాక్షరం వచ్చినా గురువు. సూర్యగణాలు రెండే. ‘పిల్లి’లా గురువు, లఘువు ఉంటే గలం. ‘పలక’లా మూడు లఘువులుంటే నగణం. ఇంద్రగణాలు ఆరు: నల, నగ, సల, భ, ర, త. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలూ రెండు ఇంద్రగణాలూ. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాలి, దాన్ని యతి అంటాం. వేమన్న పద్యం ఏదైనా తీసుకుని పెన్సిలుతో విడగొట్టి చూడండి, పద్దు సరిపోయినట్టు సరిపోతుంది. ఖర్చు ఒక పెన్సిలు.

రాత్రి షిఫ్టు | జూన్ 20, రాత్రి 1.40

గట్టు గారూ, నేను పదో తరగతిలో గణ విభజనకు భయపడి ఆ ప్రశ్న వదిలేసేవాణ్ని. ఇరవై ఏళ్ల తర్వాత సరదాకి చేయమంటున్నారు.

సూదిదారం గారికి: లేవు. పై నుంచి రెండోది, కుడిచేతి మణికట్టుదీ లేవు.

చలిదేశం | జూన్ 20, ఉదయం 8.10

కెనడా నుంచి రాస్తున్నాను. చుక్కలు చూడమని చెప్పడానికి వచ్చి, మీకు వానలు మొదలయ్యాయని గుర్తొచ్చి ఆగాను. ఇది మీరు కార్తీకం దాకా దాచుకోవలసిన సలహా. శీతాకాలం రాత్రి మేడెక్కితే మృగశిర దానంతటదే కనిపిస్తుంది. వరసలో మూడు చుక్కలు, మా నాయనమ్మ గొల్లకావడి అనేది. దానికి వాయవ్యంగా ఎర్రటి రోహిణి, ఇంకొంచెం అవతల గుత్తిగా కృత్తికలు. కళ్లజోడు లేకుండా ఆరు లెక్కపెట్టగలిగితే చూపు బాగున్నట్టే. మామూలు బైనాక్యులర్లను గోడకు ఆనించి పట్టుకుంటే గురుగ్రహం పక్కన చుక్కల్లా దాని చందమామలు కనిపిస్తాయి. 1610లో గెలీలియో నాలుగింటిని చూశాడు. మీకు రెండో మూడో దొరికినా ఆ రాత్రి నిద్ర పట్టదు.

అరుంధతి సంగతి కూడా చెప్పాలి. మా పెళ్లి ముహూర్తం పగలు పదకొండుంబావుకు. పురోహితులు మండపం బయటికి తీసుకెళ్లి, ఎర్రటి ఎండలోకి వేలు చూపి, “కనిపించిందా నాయనా?” అన్నారు. కనిపించిందన్నాను. నిజంగా చూసింది పన్నెండేళ్ల తర్వాత, ఇక్కడ, గడ్డకట్టే చలిలో. సప్తర్షి మండలం తోకలో మధ్యది వశిష్ఠుడు, ఆయనకు ఆనుకుని మసగ్గా ఆవిడ. మా ఆవిడను పిలిచి చూపించాను. “ఇప్పుడా?” అంది.

ఈలోగా వానాకాలానికి ఇంటిపట్టున చేసే పని ఒకటుంది. తెలుగు వికీసోర్సులో పాత పుస్తకాల పుటలు దిద్దడం. స్కాన్ చేసిన పుట ఒక పక్క, యంత్రం చదివి రాసిన పాఠం ఒక పక్క ఉంటాయి. యంత్రం తప్పులు చేస్తుంది, మనం సరిచేస్తాం. ఒకరు దిద్దితే పుట పసుపు రంగులోకి, ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చలోకి మారుతుంది. నేను రోజుకు రెండు పుటలు. అరసున్నలూ బండి ‘ఱ’లూ నాకు అక్కడే పరిచయమయ్యాయి. దీనికోసం ఇన్‌స్క్రిప్టు టైపింగు నేర్చుకున్నాను: ఎడమచేతికి అచ్చులూ గుణింతాలూ, కుడిచేతికి హల్లులూ. మూడు వారాలు విసుగు, ఆ తర్వాత వేళ్లకే తెలుగు వచ్చేస్తుంది. దేశ భాషలన్నిటికీ అమరిక ఒకటే కాబట్టి ఇప్పుడు కన్నడం అర్థం కాకపోయినా కొట్టగలను, అదేమీ గొప్ప కాదనుకోండి.

బెండు కట్టిన ఈత | జూన్ 20, మధ్యాహ్నం 12.20

అన్నీ కూర్చుని చేసేవే చెబుతున్నారు. నడుముల సంగతి ఎవరూ ఆలోచించరా?

జెముడుకాకి | జూన్ 20, సాయంత్రం 6.15

కాలువగట్టున నడుస్తూ పిట్టలు చూడవచ్చు కదండీ. కర్నూలులో కేసీ కాలువ ఉండగా కుర్చీ ఎందుకు?

గట్టు గారూ, మీ మాట రెండు రోజులు ఆలోచించాను. కొంత నిజమే. సాధనం లేని రోజుల్లో నేర్చుకున్న పిట్టల కూతలు నిద్రలో విన్నా గుర్తుపడతాను, దాన్ని అడిగి తెలుసుకున్నవి మళ్లీ మళ్లీ అడుగుతున్నాను. కానీ పక్కన చెప్పే మనిషి లేనివాళ్లకు నాలుగు రోజుల తికమక ఐదో రోజుకు విసుగవుతుంది, ఆరో రోజు మానేస్తారు. ముందు ఊహించి పుస్తకంలో రాసుకోండి, ఆ తర్వాతే ఫోను తీయండి. దీనికి ఒప్పుకుంటారా?

గోదావరి గట్టు | జూన్ 20, రాత్రి 7.00

ఒప్పుకున్నాను. జవాబులు పుస్తకం చివర ఉండే పద్ధతి అది.

ఖాళీ సాయంత్రం | జూలై 14, రాత్రి 8.40

క్షమించాలి, చాలా రోజులు రాలేదు. రాకపోవడానికి కారణం మీరే.

మెంతికూర రెండు కోతలయింది. రెండో కోత చేదెక్కింది, ఆలస్యం చేశాననుకుంటాను. సూది కొన్నాను. రెండు చీరలకు ఫాల్ కుట్టాను, రెండోది చూపించదగ్గట్టు ఉంది. రోజూ సాయంత్రం కుట్టాలని కూర్చుంటే కళ్లు నొప్పి. పొద్దంతా అంకెలు, సాయంత్రం సూది బెజ్జం. అది ఆదివారానికి మార్చుకున్నాను.

నిలిచింది మాత్రం పిట్టలే. ఎందుకో చెప్పనా? నాకు లెక్కపెట్టడం ఇష్టమని ఇన్నాళ్లూ నాకే తెలియదు. ఉద్యోగం కాబట్టి చేస్తున్నాననుకున్నాను. కాలువగట్టున ఒక వంగిన తుమ్మచెట్టు ఉంది. జూన్ 28న దానికి మూడు టోపీలు. జూలై 5న తొమ్మిది. నిన్నటికి పూర్తయిన గూళ్లు ఆరు, సగంలో ఆగినవి పదకొండు, ఊడి నీళ్లలో పడ్డది ఒకటి. పాత జమాఖర్చుల పుస్తకంలో ఎడమ వైపు మొదలైనవి, కుడి వైపు పూర్తయినవి రాస్తున్నాను. ఈ పద్దు కుదరకపోయినా నన్ను అడిగేవాళ్లు లేరు. అదెంత హాయిగా ఉందో చెప్పలేను.

ఒకరోజు కింద పడిన గూడు ఇంటికి తెచ్చి చూశాను. లోపల గోడకు తడి మట్టి ముద్దలు అంటించి ఉంది. ఎందుకు? మావారు “మిణుగురులను అతికించడానికి” అన్నారు.

జెముడుకాకి | జూలై 14, రాత్రి 9.10

చాలా సంతోషమండీ. మిణుగురుల దీపం ముచ్చటైన కథ, మా ఊళ్లోనూ చెబుతారు. మట్టి ఉంటుంది గానీ దీపం ఉండదు. మట్టి ఎందుకన్నదానికి బరువు కోసమని కొందరంటారు, గాలికి గూడు మరీ ఊగకుండా. పదకొండు టోపీలు ఆగిపోవడం మామూలే, కంగారు పడకండి. ఒక్క మాట, గుడ్లు పెట్టే కాలం కాబట్టి చెట్టుకున్న గూళ్లను ముట్టుకోకుండా దూరం నుంచే చూడండి.

పెరటి గోంగూర | జూలై 15, ఉదయం 7.20

ఆలస్యం వల్లే. మెంతికూరను పూత రాకముందే, జానెడు లోపు ఎత్తులో ఉన్నప్పుడే కోసేయాలి. ఇప్పుడు ఆ బకెట్లో గోంగూర వేయండి, అది మిమ్మల్ని క్షమిస్తుంది.

రాత్రి షిఫ్టు | జూలై 22, ఉదయం 5.05

ఒక ప్రశ్న. ఆసుపత్రి ప్రయోగశాలలో రాత్రి పని నాది. నాలుగున్నరకు టీ తాగడానికి బయటికి వస్తే, ఇంకా చీకటి ఉండగానే, దీపస్తంభం మీద నల్లటి పిట్ట ఒకటి కూస్తుంది. తోక చివర చేపతోకలా చీలి ఉంటుంది. కాకి కన్నా బాగా చిన్నది. మూడు రకాలుగా కూస్తుంది, ఒకటి అచ్చం ఈల. నేనేమీ వ్యాపకం పెట్టుకోలేదు, ఊరికే అడుగుతున్నాను.

జెముడుకాకి | జూలై 22, ఉదయం 6.00

ఏట్రింత! పసులపోలిగాడు అని కూడా అంటారు. పగలు గేదెల వీపు మీద ఎక్కి తిరుగుతూ, అవి గడ్డిలో కదిలించిన పురుగులను పడుతుంది. తెల్లవారకముందే గొంతెత్తే పిట్టల్లో అదొకటి. దాని గూటి దగ్గరికి వస్తే గద్దను సైతం తరిమి కొడుతుంది. ఊరికే అడిగినా తేదీ, సమయం రాసి పెట్టుకోండి.

రాత్రి షిఫ్టు | జూలై 22, ఉదయం 6.10

రాసి పెట్టుకున్నాను. ఊరికే.

ఖాళీ సాయంత్రం | ఆగస్టు 9, మధ్యాహ్నం 3.30

గట్టు మాష్టారూ, నవ్వనంటే ఒకటి చూపిస్తాను. నాలుగు ఆదివారాలు పట్టింది. గణాలు మాత్రం సరిచూసుకున్నాను.

పిట్ట కూత వినుచు పెరటిలో నిలిచితి
కాఫి చల్లబడిన కతను మరచి
ఇంటివారు పిలువ ఇదిగొ వత్తు ననుచు
గంట గడిచిపోయె నిమిషమట్లు

గోదావరి గట్టు | ఆగస్టు 9, సాయంత్రం 5.00

నవ్వాను, సంతోషంతో. మొదటి రెండు పాదాలకు వేలు పెట్టే పనిలేదు. ‘కాఫి’, ‘కతను’ యతి హాయిగా కుదిరింది.

మూడో పాదంలో ‘పిలువ ఇదిగొ’ అని విడగొట్టి వదిలారు. అచ్చులు అలా ఎదురుబొదురు నిలబడితే పద్యంలో ఒప్పుకోరు. ‘పిలువ నిదిగొ’ అంటే సరి, యతి చెడదు. నాలుగో పాదంలో గణాలు సరిపోయాయి గానీ యతి తప్పింది: ‘గం’కు ‘ని’ చుట్టం కాదు. ‘గడియ వోలె’ అనండి.

గంట గడిచిపోయె గడియ వోలె

గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. గంట అరవై నిమిషాలూ పిట్ట దగ్గర గడిపి ఇంట్లో ఇరవై నాలుగే అని చెప్పుకోవచ్చు. మీ లెక్కల్లో ఇలాంటిది చెల్లదేమో గానీ ఛందస్సులో చెల్లుతుంది.

ఖాళీ సాయంత్రం | ఆగస్టు 9, సాయంత్రం 5.25

మావారికి చదివి వినిపించాను. “ఇంటివారు అంటే నేనా?” అన్నారు. ఆ తర్వాత, “మరి ఆ కాఫీ పెట్టిందెవరో పద్యంలో లేదే” అన్నారు. ఆదివారం కాఫీ ఆయనే పెడతారు. అయిదో పాదం ఉండకూడదని ఏమైనా నియమం ఉందా?

చలిదేశం | ఆగస్టు 10, ఉదయం 7.45

అచ్చం మా ఆవిడ “ఇప్పుడా?” అన్నట్టే ఉంది.

రాత్రి షిఫ్టు | ఆగస్టు 12, ఉదయం 4.50

సూదిదారం గారికి అత్యవసరం. ఖాళీగా ఉన్నప్పుడు చొక్కా రెండో గుండీ కుట్టాను. మీరు చెప్పినట్టే అగ్గిపుల్ల పెట్టాను. ఆరేడు చుట్లు అన్నారు, గట్టిగా ఉండాలని పదహారు వేశాను. ఇప్పుడు పుల్ల రావడం లేదు. ఆరుకు పై అధికారి వస్తారు. ఈ చొక్కా తప్ప ఇక్కడ నాకు ఇంకోటి లేదు.

సూదిదారం | ఆగస్టు 12, ఉదయం 5.40

ఇప్పుడే చూశాను. పుల్లను మధ్యలో విరిచి రెండు ముక్కలూ చెరో వైపు నుంచి లాగండి. మందు ఉన్న తల ముందు తీసేశారు కదా?

రాత్రి షిఫ్టు | ఆగస్టు 12, ఉదయం 5.52

తీయాలా?